524287: నెల్లూరు పిన్ వరసలో ఇరుక్కున్న సంఖ్య

నెల్లూరు పెద్ద పోస్టాఫీసు పిన్ 524001. గూడూరుది 524101, కావలిది 524201, ఒంగోలుది 523001. ఆధార్ ఫారం మీద, ఆన్‌లైన్ ఆర్డర్ల మీద లెక్కలేనన్నిసార్లు రాసే అంకెలే కాబట్టి వీటిని ఎవరూ సంఖ్యలుగా చూడరు, ఇంటి నంబరును చూసినట్టే చూస్తారు. అది సరైనదే కూడా, ఎందుకంటే పిన్ అనేది లెక్క పెట్టడానికి పుట్టింది కాదు. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ఈ పద్ధతిని మొదలుపెట్టింది, దీని వెనకున్న అధికారి శ్రీరామ్ భికాజీ వేలంకర్. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల జోను. మొదటి మూడంకెలు కలిపి ఉత్తరాలు విడదీసే జిల్లాను చెప్తాయి, చివరి మూడు పోస్టాఫీసును చెప్తాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లినా వాటి పిన్‌లు మాత్రం 524, 523లతోనే మిగిలిపోయాయి. కలెక్టరాఫీసు మారినంత తేలిగ్గా పిన్ మారదు.

అయితే ఈ ఆరంకెల్ని కాసేపు చిరునామాలుగా కాకుండా ఉత్త పూర్ణసంఖ్యలుగా చూస్తే తమాషా అయిన విషయం ఒకటి బయటపడుతుంది. 524000 నుంచి 524999 వరకూ ఉన్న ఆ వెయ్యి సంఖ్యల మధ్యలో 2¹⁹ కూర్చుని ఉంది, దాని విలువ 524288. దాని పక్కనే ఒకటి తక్కువగా 524287 ఉంది. గణిత చరిత్రలో ఈ 524287కి ఉన్న పేరు చిన్నది కాదు. తపాలా శాఖవాళ్లు అనుకుని చేసింది కాదు, ఉత్త కాకతాళీయమే. కానీ సంఖ్యల్ని రకాలుగా విడదీయడం ఎలాగో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ ప్రాంతంవాళ్లకి దొరకదు.

ముందు దాని సైజు చూద్దాం. మొదటి రోజు ఒక వడ్ల గింజ, రెండో రోజు రెండు, మూడో రోజు నాలుగు, ఇలా రోజుకి రెట్టింపు చేసుకుంటూ పోతే 19వ రోజు పెట్టాల్సిన గింజలు 262144, అప్పటిదాకా పోగైన మొత్తం సరిగ్గా 524287. వెయ్యి గింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకుంటే ఇదంతా పదిన్నర కిలోలు, ఒక సంచీ అడుగు నిండేంత. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అక్కడే ఆపకుండా ఇంకో వారం రెట్టింపు చేస్తే, 25వ రోజుకి దాదాపు 671 కిలోలు, 26వ రోజుకి 1342 కిలోలు. నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు కదా, 25వ రోజున పుట్టికి తక్కువగా ఉన్నది 26వ రోజున పుట్టిన్నర దాటిపోయింది. రెట్టింపుకి ఉన్న గుణమే అది, మొదట్లో ఏమీ లేనట్టు ఉంటుంది, తర్వాత పట్టుకోవడానికి చేతులు చాలవు.

ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని 2¹⁸ దాకా కూడితే 2¹⁹ కంటే ఒకటి తక్కువ వస్తుందన్న ఆ ఒక్క మాటలోనే 524287 స్వరూపం అంతా ఉంది. కంప్యూటర్ రాసుకునే పద్ధతిలో, అంటే 0, 1 అనే రెండే అంకెలతో దీన్ని రాస్తే వరసగా పంతొమ్మిది ఒకట్లు వస్తాయి, మధ్యలో ఒక్క సున్నా ఉండదు. పక్కనున్న 524288 అయితే ఒకటి తర్వాత పంతొమ్మిది సున్నాలు. పాత కంప్యూటర్లలో 512 కేబీ మెమొరీ అనేవాళ్లు కదా, అందులో ఉండే బైట్లు సరిగ్గా 524288.

ఇక అసలు ప్రశ్న: 524287 ప్రధాన సంఖ్యేనా? అంటే ఒకటీ, తనూ తప్ప దాన్ని శేషం లేకుండా భాగించేది ఇంకేదీ లేదా? మామూలు పద్ధతి అందరికీ తెలిసిందే, 2, 3, 5, 7 అని ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించి చూడటం. ఎంతవరకు చూడాలంటే వర్గమూలం వరకు చాలు, ఎందుకంటే ఒక సంఖ్యను రెండు ముక్కల లబ్ధంగా రాస్తే వాటిలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. 724 × 724 = 524176, 725 × 725 = 525625, కాబట్టి 724 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు సరిపోతాయి. అవి 128 ఉన్నాయి. కాగితం మీద 128 భాగహారాలంటే ఓపికున్నవాళ్లకి ఒక పూట పని, ఎక్కడో ఒకచోట తప్పు చేయడం మాత్రం ఖాయం.

ఇంత కష్టపడకుండా ఒక దారి ఉంది. నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో అందమైన భాగం ఇదే.

ఏదో ఒక ప్రధాన సంఖ్య 524287ని భాగిస్తోందనుకోండి, దాన్ని క అందాం. అప్పుడు 2¹⁹ని క చేత భాగిస్తే శేషం 1 రావాలి. అంటే 2, 4, 8, 16... అని రెట్టింపు చేసుకుంటూ ప్రతిసారీ క తో భాగించి శేషాలు రాసుకుంటే, ఆ శేషాలు పంతొమ్మిది అడుగులకి ఒకసారి మళ్లీ మొదటికి వస్తాయి. 19 స్వయంగా ప్రధాన సంఖ్య కాబట్టి అంతకన్నా చిన్న చక్రం కుదరదు. ఇంకోపక్క ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా చెప్పిన చిన్న సిద్ధాంతం ప్రకారం అదే చక్రం క − 1 అడుగుల్లో కూడా తప్పకుండా మొదటికి రావాలి. రెండూ నిజం కావాలంటే క − 1 అనేది 19 గుణిజం అయి తీరాలి. పైగా క బేసి సంఖ్య, కాబట్టి క − 1 సరి సంఖ్య, అంటే అది 38కి గుణిజం. ఇక్కడితో 128 మంది అనుమానితుల్లో 38 చొప్పున పెరిగే వరసలో పడ్డవాళ్లే మిగిలారు: 191, 229, 419, 457, 571, 647. ఆరుగురే!

ఇంకో చిన్న మాట కలిపితే ఆ ఆరు కూడా తగ్గుతాయి. 2¹⁹కి శేషం 1 అయితే 2²⁰కి శేషం 2 వస్తుంది. 2²⁰ అంటే 1024 వర్గం. అంటే క లెక్కలో 2 అనేది ఒక వర్గానికి శేషంగా వస్తోందన్నమాట, అలా రావాలంటే క ని 8తో భాగించినప్పుడు 1 గానీ 7 గానీ మిగలాలి అని ఇంకో సిద్ధాంతం ఉంది. 229కి 5 మిగులుతుంది, 419కీ 571కీ 3 మిగులుతుంది, ఆ మూడూ పోయాయి. మిగిలినవి 191, 457, 647. వీటితో 524287ని భాగిస్తే శేషాలు వరసగా 183, 108, 217. ఏదీ సున్నా కాదు. పని అయిపోయింది, 524287 ప్రధాన సంఖ్యే. నమ్మకం లేనివాళ్లు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి ఆ మూడు భాగహారాలు చేసి చూసుకోవచ్చు, రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఈ సదుపాయం దాన్ని మొదట తేల్చిన మనిషికి లేదు. ఆయన ఇటలీలోని బొలోనాకు చెందిన పియెత్రో కటాల్డి, సంవత్సరం 1588. శ్రీకృష్ణదేవరాయలు పోయి అప్పటికి ఇంకా అరవై ఏళ్లే. 750 దాకా ప్రధాన సంఖ్యల పట్టిక తయారుచేసుకుని ఒక్కొక్కదానితో భాగించుకుంటూ పోయాడు. పైన చెప్పిన 38 గుణిజాల చిట్కా ఫెర్మా చేతికి చిక్కింది 1640లో, అంటే కటాల్డికి యాభై ఏళ్ల తర్వాత. రికార్డుల పట్టికల్లో తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్యగా 1588 నుంచి ఉన్నది 524287. తర్వాతి మెట్టు 1772లో స్విట్జర్లాండ్ గణితవేత్త ఆయిలర్ రుజువు చేసిన 2³¹ − 1, అంటే 214 కోట్లు దాటిన సంఖ్య. మధ్యలో గడిచింది 184 ఏళ్లు.

కటాల్డి అక్కడే ఆగివుంటే బాగుండేది. ఊపు మీద 23, 29, 31, 37 ఘాతాలకి కూడా ఇదే వర్తిస్తుందని రాసేశాడు. నాలుగింట్లో 31 ఒక్కటే నిలబడింది. 2²³ − 1ని 47 భాగిస్తుంది, 2³⁷ − 1ని 223 భాగిస్తుంది, ఈ రెండూ ఫెర్మా పట్టుకున్నాడు. 2²⁹ − 1ని 233 భాగిస్తుందని ఆయిలర్ చూపాడు. పైన చెప్పిన చిట్కా పెట్టి చూస్తే 47 అంటే 2 × 23 + 1, మొదటి అడుగులోనే దొరికిపోతుంది. అంత దగ్గర్లో ఉన్నదాన్ని చూడకుండా దాటిపోయాడంటే అవి ఆయన భాగించి చూసినవి కావు, అంచనా మీద రాసినవే అని అర్థమవుతుంది. తర్వాత 1644లో ఫ్రాన్సుకు చెందిన మెర్సెన్ అనే సన్యాసి 257 దాకా ఏయే ఘాతాలకి ప్రధాన సంఖ్య వస్తుందో ఒక జాబితా ఇచ్చాడు, అందులోనూ 67, 257 తప్పు, 61, 89, 107 మర్చిపోయాడు. అయినా ఈ రకం సంఖ్యలకి పేరు మాత్రం ఆయనదే పడింది. 2ⁿ − 1 రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు: 3, 7, 31, 127, 8191, 131071, తర్వాత ఏడోది మన 524287. ఘాతం ప్రధాన సంఖ్య అయితే చాలదు, 2¹¹ − 1 = 2047 = 23 × 89 కదా. 2024 అక్టోబరులో బయటపడిన, అప్పటిదాకా తెలిసినవాటిలో అతిపెద్ద ప్రధాన సంఖ్య కూడా ఈ కుటుంబానిదే, ఘాతం 136279841, రాస్తే నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెలు.

ప్రధాన సంఖ్య అయిన వెంటనే 524287కి ఇంకో బంధుత్వం కలిసింది. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే తిరిగి తానే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారని బడిలో 6, 28 ఉదాహరణలతో చెప్తారు. 1 + 2 + 3 = 6, 1 + 2 + 4 + 7 + 14 = 28. మెర్సెన్ ప్రధాన సంఖ్య ఒకటి దొరికితే దాన్ని దాని ముందున్న 2 ఘాతంతో (3కైతే 2, 7కైతే 4) గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ ఎప్పుడో చెప్పాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఇలా వచ్చేవేనని రెండువేల ఏళ్ల తర్వాత ఆయిలర్ పూర్తి చేశాడు. 262144 × 524287 = 137438691328, అంటే 13743 కోట్ల 86 లక్షల 91 వేల 328. ఇది ఏడో పరిపూర్ణ సంఖ్య. ఒకటి నుంచి 524287 దాకా అన్నీ కూడినా ఇదే వస్తుంది. 1, 3, 5, 7 అని 1023 దాకా బేసి సంఖ్యల ఘనాలు కూడినా ఇదే వస్తుంది. కటాల్డి ఆ భాగహారాలన్నీ చేసిందే దీనికోసం, ఆయన వెతికింది పరిపూర్ణ సంఖ్యల్ని.

పక్కింటి 524288 సంగతి చూస్తే జాలేస్తుంది. దాని భాజకాలన్నీ 1, 2, 4, 8 అంటూ 2 ఘాతాలే, తనను వదిలేసి మిగతావి కూడితే 524287. పరిపూర్ణతకి ఒక్కటంటే ఒక్కటి తగ్గింది! ఇటువైపు 524286 ఉంది, దాని లోపల 2, 3 (మూడుసార్లు), 7, 19, 73 ఉన్నాయి, మొత్తం భాజకాలు 64. వరసగా మూడు ఇళ్లు, ఒకదానికి రెండే భాజకాలు, ఒకదానికి ఇరవై, ఇంకొకదానికి అరవై నాలుగు. సంఖ్యల్లో పొరుగుతనానికి ఏమాత్రం విలువ లేదు.

ఊళ్ల పిన్‌లు విప్పి చూసినా అంతే. నెల్లూరు 524001 = 3 × 19 × 29 × 317, నాలుగు వేర్వేరు ప్రధాన కారణాంకాలు. ఒంగోలు 523001 = 31 × 16871, రెండే. గూడూరు 524101 = 23 × 22787, అదీ రెండే. కావలి 524201 మాత్రం విరగదు, అది ప్రధాన సంఖ్య. దాని పక్కన బేసి సంఖ్య 524203 కూడా ప్రధానమే, ఇలా రెండు తేడాతో వచ్చే జంటల్ని కవల ప్రధాన సంఖ్యలంటారు.

ఈ సంఖ్యల్నే ఇంకో ప్రశ్న అడిగితే వరస మొత్తం మారిపోతుంది. ఒక సంఖ్యను వర్గాల మొత్తంగా రాయాలంటే కనీసం ఎన్ని వర్గాలు కావాలి? నాలుగు ఎప్పుడూ చాలని లాగ్రాంజ్ 1770లో రుజువు చేశాడు. కానీ కొన్నిటికి రెండే చాలు, కొన్నిటికి మూడు. కావలి పిన్ 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య, అలాంటివన్నీ రెండు వర్గాల మొత్తమే, అదీ ఒకే ఒక్క రకంగా. చూడండి, 524201 = 724² + 5². నెల్లూరు పిన్‌లో 3, 19 ఉన్నాయి, ఈ రెండూ 4తో భాగిస్తే 3 మిగిలే రకం, ఒక్కోసారే ఉన్నాయి కాబట్టి రెండు వర్గాలతో పని జరగదు, మూడు కావాలి: 721² + 64² + 8². ఒంగోలుకు కూడా 31 అడ్డం పడుతుంది, మూడే: 723² + 16² + 4². ఇంత పేరున్న 524287కి మూడు కూడా చాలవు. 8తో భాగిస్తే 7 మిగిలే ఏ సంఖ్యా మూడు వర్గాల్లో ఇమడదు. అందుకని 723² + 39² + 6² + 1². మొత్తం బదులు తేడా తీసుకుంటే నెల్లూరుది చూడముచ్చటగా వస్తుంది, 551 × 951 కాబట్టి అది 751² − 200². మనసులోనే లెక్క కట్టవచ్చు, 564001లోంచి 40000 తీసేస్తే 524001.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి, ఇంటర్నెట్‌లో సంఖ్యల విశేషాలు రాసేవాళ్లలో చాలామంది దీన్ని కలగాపులగం చేస్తారు. పైన చెప్పినవన్నీ, అంటే ప్రధానమా కాదా, కారణాంకాలేవి, పరిపూర్ణమా, ఎన్ని వర్గాలు, ఇవన్నీ సంఖ్యకే ఉన్న గుణాలు. గింజల్లో పోసి లెక్కపెట్టినా, రోమన్ అక్షరాల్లో రాసినా, కంప్యూటర్ భాషలో రాసినా మారవు. 524287 గింజల్ని సమానమైన వరసల్లో పేర్చమంటే ఒకే పొడవాటి వరస తప్ప ఇంకో దారి లేదు, దానికి అంకెలతో పనే లేదు. అంకెల మొత్తం అలా కాదు. 5 + 2 + 4 + 2 + 8 + 7 = 28, అది కూడా పరిపూర్ణ సంఖ్యే! వినడానికి బాగుంటుంది, కానీ అది మనం పది ఆధారంగా రాసుకోవడం వల్ల వచ్చింది, మనుషులకి పన్నెండు వేళ్లుంటే ఆ 28 ఉండేది కాదు. బండికి ఫ్యాన్సీ నంబరు కోసం, అంకెలు కూడితే 9 రావాలని, ఆర్టీఏ వేలంలో వేలకి వేలు పోసే సరదా కూడా ఈ రాత మీద ఆధారపడ్డదే. పోసుకోవచ్చు, ఎవరి డబ్బు వాళ్ల ఇష్టం. కాకపోతే ఆ తొమ్మిది సంఖ్యలో లేదు, నంబరు ప్లేటు మీద ఉంది.

రాత మీద ఆధారపడ్డ గుణాలు పనికిరానివని కాదు, సరదాగానే ఉంటాయి. మహారాష్ట్రలో దేవళాలీ అనే ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్ జీవితమంతా అలాంటివాటి మీదే పెట్టాడు. తన అంకెల మొత్తంతో తానే భాగించబడే సంఖ్యకి ఆయన పెట్టిన పేరు హర్షద సంఖ్య, అంటే సంతోషాన్నిచ్చేది. 524 వరసలో అలాంటిది వెతికితే శ్రీహరికోట తగుల్తుంది, రాకెట్లు ఎగిరే షార్ పిన్ 524124. అంకెలు కూడితే 18, భాగిస్తే 29118, శేషం లేదు. అసలు గుణాల్లో చూసినా అది దండిగా ఉన్న సంఖ్యే: 2² × 3³ × 23 × 211, భాజకాలు 48, తనను తీసేసి మిగతావి కూడితే 900516, అంటే తనకంటే చాలా ఎక్కువ. ఇలా ఎక్కువొచ్చేవాటిని అబండెంట్ సంఖ్యలంటారు. నెల్లూరు 524001కి అదే లెక్క కడితే 239199 మాత్రమే, సగం కూడా రాలేదు. 524287కి అయితే ఒకటే, ప్రధాన సంఖ్య కదా, ఇంకేం కూడటానికి లేదు.

ఆరంకెల సంఖ్యలు తొమ్మిది లక్షలున్నాయి, వాటిలో మెర్సెన్ ప్రధాన సంఖ్యలు రెండే రెండు. ఒకటి 524287. రెండోది 2¹⁷ − 1, అంటే 131071, పిన్‌ల లెక్కలో చూస్తే అది హర్యానాలోని సోనీపత్ వరసలో పడుతుంది. రెండిటినీ తేల్చింది కటాల్డే, అదే 1588లో.